చేవకట్టె లాంటి పక్కటెముక

ఫ్లోరిడాలో వెనిస్ దగ్గరి కాస్పర్సన్ బీచ్‌లో పిల్లలు షార్క్ పళ్ల కోసమే వెతుకుతారు. వాటి మధ్య నల్లగానో ముదురు గోధుమరంగులోనో, అరటిపండులా వంగిన బరువైన రాయి కనబడితే ఆగి చూడమనండి. చాలావరకు అది డుగాంగ్, అంటే సముద్రపు ఆవు, పక్కటెముక శిలాజం ముక్క. సముద్రగర్భంలోని మయోసీన్ కాలపు (సుమారు 2.3 కోట్ల నుంచి 53 లక్షల ఏళ్ల కిందటి) పొరల్ని అలలు కోసి ఒడ్డుకు తోస్తాయి.

విరిగిన కొస చూపించండి. లోపల గుల్ల ఉండదు, చేవకట్టెను అడ్డంగా కోసినట్టు నిండుగా ఉంటుంది. నీటి అడుగున గడ్డి మేసే జంతువు తేలిపోకుండా ఆపేది ఆ బరువే. ‘చేవ’ అన్న మాట ఇలా చేతిలో పెట్టి చెబితే పిల్లలు మరిచిపోరు. ఆటుపోట్ల వేళలు చూపే టైడ్ చార్టు కూడా వాళ్లకే ఇచ్చి ఏది పోటో (నీరు పైకి రావడం), ఏది పాటో (నీరు వెనక్కి తగ్గడం) చెప్పమనండి. పూర్తి పాటుకి గంటన్నర ముందే దిగాలి. పడమటి గాలి గట్టిగా కొట్టి తగ్గిన మర్నాడైతే మరీ మంచిది. గులకరాళ్లు, గవ్వలు పేరుకున్న చార పట్టుకుని, 6 మి.మీ. కన్నాల జల్లెడతో జల్లించండి.

బరువొక్కటే చూసి మోసపోవద్దు. డుగాంగ్‌కు చుట్టమైన, ఇప్పటికీ ఫ్లోరిడా నీళ్లలో బతికే మనాటీ పక్కటెముకలూ ఇంతే బరువు. తెల్లగా, లేత పసుపుగా ఉన్నదాన్ని ఉన్నచోటే వదిలేయాలి. మనాటీకి చట్టరక్షణ ఉంది. షార్క్ పళ్లకు అనుమతి అక్కర్లేదు కానీ, ప్రభుత్వ భూముల్లో ఎముకల శిలాజాలు ఏరాలంటే ఫ్లోరిడా మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ ఇచ్చే పర్మిట్ ముందే తీసుకోవాలి.

ఇంటికి తెచ్చాక తొందరపడి ఎండబెట్టకండి. లోపలి ఉప్పు స్ఫటికమై పైపొరను పెచ్చులుగా లేపేస్తుంది. రోజూ మంచినీళ్లు మారుస్తూ వారం, పది రోజులు నానబెట్టి, నీడన ఆరనివ్వండి. మెరుపు కోసం వెనిగర్ అసలు వద్దు, ఎముకనే కరిగిస్తుంది. దొరికిన చోటు, తేదీ రాసిన చీటీ వెంటనే కట్టాలి. అవి లేని శిలాజం శాస్త్రానికి పనికిరాదు. ఆ చీటీ పిల్లలే తెలుగులో రాయాలి, తప్పులున్నా సరే.

ఎముకలు ఇంట్లో ఉంచకూడదని పెద్దవాళ్లు అంటే కోప్పడకండి. ఖనిజాలు చేరి రాయిలా మారిన సంగతి మనవడి చేతే చెప్పించండి. ఫ్లోరిడాలో ఇప్పుడు డుగాంగ్‌లు లేవు. మన దేశంలో మాత్రం ఇంకా మేస్తున్నాయి: తమిళనాడు 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లు వాటికోసమే కేటాయించింది.