తొమ్మిదేళ్లప్పుడు మొదలైన నిద్ర

అమ్మ పప్పన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తినేదాన్ని. మూడో ముద్ద చేతిలో ఉండగానే నిద్రపోయేదాన్ని. కంచం ముందు, కూర్చున్నది కూర్చున్నట్టే. వేళ్ల మధ్య అన్నం ఎండి గట్టిపడేది. అమ్మ తట్టి లేపితే ఏడుస్తూ లేచి ఆ ముద్దే నోట్లో పెట్టుకునేదాన్ని. అది 1994. మాది తణుకు. నేను నాలుగో తరగతి.

అంతకు ముందు వేసవిలో మధ్యాహ్నం పడుకోవే అని అమ్మ ఎంత బతిమాలినా పడుకోని పిల్లని. దసరా సెలవులు అయ్యేసరికి మూడో పీరియడ్‌కే తల బల్ల మీద వాలిపోతోంది. ఇంటికొచ్చాక యూనిఫాం కూడా విప్పకుండా రెండు గంటలు పడుకునేదాన్ని. లేచాక ప్రాణం హాయిగా ఉండేది కాదు. ఒళ్లంతా చిరాకు, చేతికి అందింది విసిరికొట్టడం. క్లాసులో నిద్ర ఆపుకోవడానికి కాళ్లు ఆడించేదాన్ని, పక్కపిల్లని గిల్లేదాన్ని, ఊరికే లేచి తిరిగేదాన్ని. మా టీచరు ప్రోగ్రెస్ కార్డులో రెండు మాటలు రాసింది. బద్ధకం, అల్లరి. ఈ రెండూ ఒకే పిల్లలో ఎలా ఉంటాయని ఎవరూ అడగలేదు.

తర్వాత మొహం మారింది. రెప్పలు సగం వాలి, దవడ జారి, నాలుక కొస బయటికొచ్చి అలాగే ఉండిపోయేది. మధ్యమధ్య కనుబొమలు, పెదాలు వాటంతటవే కదిలేవి. టీవీలో ఇష్టమైనది ఏదైనా వస్తుంటే మరీ ఎక్కువ. నడుస్తుంటే తూలేదాన్ని. "మూతి సరిగ్గా పెట్టు" అని నాన్న కసురుకునేవారు. పిల్లకి గాలి సోకిందని నాయనమ్మ దిష్టి తీసి, తాయెత్తు కట్టించింది. ఒక ఆసుపత్రిలో తలకి వైర్లు పెట్టి మెదడు పరీక్ష, ఈఈజీ, తీసి బాగానే ఉందన్నారు. అయినా ఫిట్స్ మందు రాశారు. రెండేళ్లు మింగాను. ఉన్న మత్తుకి ఆ మత్తు తోడైంది.

ఒళ్లు కూడా వచ్చింది. ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు. దీపావళికి కుట్టించిన గౌను సంక్రాంతికి పట్టలేదు. పిల్ల తిండేమీ పెరగలేదని అమ్మ చెబితే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. పదేళ్లు నిండకుండానే పెద్దమనిషినయ్యాను. ఆ ఫంక్షన్ ఫొటో ఒకటుంది. పట్టు పరికిణీ, పూలజడ, చుట్టూ పేరంటాళ్లు, మధ్యలో కుర్చీలో తల పక్కకి వాల్చి నేను. నాలుక కొస కనిపిస్తూనే ఉంది. చాలా ఏళ్లు ఆ ఫొటో ఎవరికీ చూపించనివ్వలేదు.

పదమూడేళ్లు వచ్చేసరికి ఆ మొహం పోయింది. తాయెత్తు పనిచేసిందని ఇంట్లో అందరూ సంతోషించారు. జబ్బు వేషం మార్చిందని ఎవరికి తెలుసు?

ఇంటర్ హాస్టల్లో ఒక సాయంత్రం నా స్నేహితురాలు మా లెక్చరర్ నడక చేసి చూపిస్తోంది. పకపకా నవ్వాను. మెడ ముందుకి వాలింది. చేతిలో స్టీలు గ్లాసు జారింది. మోకాళ్లు మడతపడి నేల మీద కుప్పకూలాను. స్పృహ మాత్రం పోలేదు. గ్లాసు దొర్లుకుంటూ వెళ్లి మంచం కోడుకి తగలడం విన్నాను. ఎవరో "నీళ్లు తేవే" అనడం విన్నాను. నీళ్లొద్దు, నాకేం కాలేదు అని చెప్పాలని ఉంది, నోరు పెగలదు. అర నిమిషానికి మామూలుగా లేచాను. అప్పటినుంచి ఎవరైనా సరదాగా మాట్లాడటం మొదలుపెడితే అక్కణ్ణించి వెళ్లిపోయేదాన్ని. దానికి పొగరు అనుకున్నారు. అలా పదేళ్లు గట్టిగా నవ్వకుండా బతికాను. నిద్రకంటే నన్ను ఎక్కువ కుంగదీసింది అదే.

రాత్రుళ్లు ఇంకో బాధ. మెలకువ వచ్చేది, ఒళ్లు కదిలేది కాదు, తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉండేవారు. గుండెల మీద దయ్యం కూర్చుంటుందని హాస్టల్ ఆయమ్మ చెప్పింది. చిన్నప్పుడు కూడా మంచం కింద మనిషున్నాడని అరిచి అమ్మని కరుచుకునేదాన్నట. అది కలో నిజమో విడదీసి చెప్పడం పదిహేడేళ్లకే నాకు కష్టమైంది. తొమ్మిదేళ్ల పిల్ల ఏం చెబుతుంది?

జబ్బు పేరు తెలిసింది 2014లో, నా ఇరవై తొమ్మిదో ఏట. అప్పటికి పెళ్లయి హైదరాబాద్ వచ్చేశాం. పాపకి రెండేళ్లు. దాన్ని ఎత్తుకుని ఉండగా ఏదో ముద్దుమాట అంది. నవ్వొచ్చింది, మోకాళ్లు వంగాయి, పాపతో సహా సోఫా మీద పడ్డాను. రెండడుగులు ఇవతల ఉంటే గచ్చు మీద పడేవాళ్లం. ఆ రాత్రి మా ఆయనకి మొదటినుంచీ మొత్తం చెప్పాను. ఆ వారమే న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లారు.

"పడిపోయినప్పుడు పక్కవాళ్ల మాటలు వినపడతాయా అమ్మా?"

"అన్నీ వినపడతాయండీ."

"నవ్వినప్పుడేనా?"

ఇరవై ఏళ్లలో ఈ రెండు ప్రశ్నలూ నన్నెవరూ అడగలేదు. జవాబు చెప్పకుండా ఏడ్చేశాను.

స్లీప్ ల్యాబ్‌లో ఒక రాత్రంతా తలకి, గడ్డానికి, కాళ్లకి వైర్లు పెట్టి పడుకోబెట్టారు. మర్నాడు పొద్దున్నుంచి రెండేసి గంటలకోసారి చీకటి గదిలో పడుకోమన్నారు, మొత్తం ఐదుసార్లు. సగటున ఎనిమిది నిమిషాల లోపే నిద్ర పట్టి, కనీసం రెండుసార్లు పదిహేను నిమిషాల లోపు కలల నిద్ర మొదలైతే నార్కోలెప్సీ అంటారు. మామూలు మనిషికి ఆ కలల నిద్ర రావడానికి గంటన్నర దాకా పడుతుంది. నాకు సగటు రెండున్నర నిమిషాలు. ఐదింట్లో నాలుగుసార్లు కలలోకి వెళ్లిపోయాను.

మెదడు అడుగున హైపోథలామస్‌లో హైపోక్రెటిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు పదుల వేలల్లో ఉంటాయి. మనల్ని మెలకువగా నిలబెట్టేది అదే. నాలాంటి వాళ్లలో ఆ కణాలు దాదాపుగా నశించిపోయి ఉంటాయి. కలల నిద్రలో మనం లేచి పరిగెత్తకుండా మెదడు కండరాలని వదులు చేస్తుంది. మెలకువలో ఉండగా ఆ వదులు వచ్చి మీద పడితే మోకాళ్లు మడతపడతాయి. ఈ హైపోక్రెటిన్‌ని కనుక్కున్నది 1998లో. ఈ జబ్బున్న మనుషుల మెదడులో అది లేదని తేలింది 2000లో. నాకు జబ్బు మొదలైన 1994లో ఈ సంగతి ప్రపంచంలో ఎవరికీ తెలీదు. మా ఊరి డాక్టరుగారి మీద నాకున్న కోపం అక్కడితో పోయింది.

తర్వాతి విజిట్‌కి చిన్నప్పటి ఫొటోలు తెమ్మన్నారు. ఆ ఫంక్షన్ ఫొటో తీసుకెళ్లాను. డాక్టరుగారు ఆ నాలుక కొస మీద వేలు పెట్టి, "ఇదీ అదేనమ్మా. పిల్లల్లో ఇలా ఉంటుంది" అన్నారు.

ఈ జబ్బుకి జెలినో అనే ఫ్రెంచి డాక్టరు 1880లో పేరు పెట్టాడు. ఆయన చూసిన రోగి నడివయసుకు దగ్గరపడ్డ వ్యాపారి. అంటే మొదటినుంచీ డాక్టర్ల మనసులో ఉన్న బొమ్మ పెద్దవాళ్లది. నవ్వితే పడిపోవడం, పావుగంట కునుకు తీస్తే తేరుకోవడం పెద్దవాళ్ల లక్షణాలు. పిల్లల్లో జబ్బు మొదలైన తొలి నెలల్లో నవ్వుతో పనిలేకుండానే మొహం, మెడ వదులైపోతాయి, నాలుక బయటికొస్తుంది. వాళ్ల కునుకు గంటలు గంటలు సాగుతుంది, లేచినా మత్తు వదలదు. నిద్ర ముంచుకొస్తుంటే మనం ఆవలిస్తాం, వాళ్లు గెంతుతారు. ఒళ్లు హఠాత్తుగా పెరుగుతుంది. కొందరికి ఈడు ముందే వస్తుంది. ఇటలీలో బొలోన్యా డాక్టర్లు పిల్లల్ని వీడియోలు తీసి, ఆ కదలికలన్నీ వివరంగా రాసింది 2011లో. లక్షణాలు ఇలా వేరుగా ఉండబట్టే పిల్లల్ని ఫిట్స్ అనో, అతిచురుకుదనమనో, మొండితనమనో అనేసి పంపించేస్తారు. ఎక్కువమందికి మొదలయ్యేది పదిహేనేళ్ల ప్రాంతంలో, మళ్లీ కొందరికి ముప్ఫై అయిదు ప్రాంతంలో. నాలాగా తొమ్మిదేళ్లకే వస్తే ఒకే మనిషి రెండు రకాలూ చూస్తుంది.

నాన్నకి ఫోన్లో చెప్పాను. నిద్రపోతున్నానని ఆయన నన్ను స్కేలుతో కొట్టిన రోజులున్నాయి. చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే బస్సు దిగి ఇంటికొచ్చారు. ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మధ్యాహ్నం నేను పడుకునే వేళకి పాపని బయటికి తీసుకెళ్తూ ఫ్యాను పెంచి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేశారు.

ఈ జబ్బు పూర్తిగా పోదు. పోయిన కణాలు తిరిగి రావు. కానీ నేను కోలుకున్నాను అనే అంటాను. పొద్దున్నే మెలకువ కోసం మొడాఫినిల్, పడిపోకుండా వెన్లాఫాక్సిన్. మొడాఫినిల్ వాడేటప్పుడు గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పనిచేయకపోవచ్చు, డాక్టరుని తప్పకుండా అడగండి. వెన్లాఫాక్సిన్ ఉన్నట్టుండి మానకూడదు. ఒక సంక్రాంతికి మందుల డబ్బా హైదరాబాద్‌లో మర్చిపోయి తణుకు వెళ్లాను. రెండో రోజుకి చిన్న నవ్వుకి, చిన్న కోపానికి కూడా కూలబడిపోయాను. మంచం దిగాలంటే అమ్మ పట్టుకోవాల్సొచ్చింది. ఇప్పుడు మాత్రలు హ్యాండ్‌బ్యాగులో ఒక స్ట్రిప్, ఆఫీసు డ్రాయర్లో ఒకటి. లంచ్ తర్వాత స్టోర్ రూంలో చాప పరుచుకుని పదిహేను నిమిషాలు పడుకుంటాను. ఆ పదిహేను నిమిషాలతో సాయంత్రం దాకా లెక్కలు చూడగలను. ఆఫీసులో అందరికీ విషయం చెప్పేశాను. చెప్పాక టెన్షన్ సగం తగ్గింది. స్కూటీ మాత్రం నడపను.

పోయినేడు చెకప్‌కి వెళ్తే ల్యాబ్ వరండాలో ఎనిమిదేళ్ల బాబు, వాళ్లమ్మ కూర్చుని ఉన్నారు. కరీంనగర్ నుంచి వచ్చారట. "నిద్ర సంగతి సరే మేడమ్, వీడు ఒక్కకాడ కూసోడు" అందామె. బాబు బొమ్మ కారుని బెంచీ అంచు మీద నడుపుతున్నాడు. కారు అంచు దాటి పడబోతుంటే వాడి రెప్పలు వాలాయి, దవడ జారింది, నాలుక కొస బయటికొచ్చింది. నా ఒళ్లు ఝల్లుమంది.

"ఇది ఫోన్లో వీడియో తీసి డాక్టరుగారికి చూపించండి అమ్మా. లోపలికి వెళ్లాక రాకపోవచ్చు" అన్నాను. స్కూల్లో మధ్యాహ్నం పడుకోనిమ్మని డాక్టరు చేత లెటర్ రాయించుకోమన్నాను.

బాబు నా వంక చూశాడు. "ఆంటీ, నీగ్గూడ ఇట్లనే అయితదా?"

"అయ్యేది నాన్నా. నీకంటే ఒక్క ఏడు పెద్దదాన్ని అప్పుడు."

టెక్నీషియన్ వచ్చి మూడో కునుక్కి పిలిచాడు. బాబు కారు నా ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లాడు. నేను ఫోన్లో ఆ ఫంక్షన్ ఫొటో తీసి వాళ్లమ్మ చేతికిచ్చాను. ఆమె దాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి, ఒకసారి ఫొటో వంకా, ఒకసారి నా మొహం వంకా చూస్తూ కూర్చుంది.