బంగారు డాలుపై ఈటె: షేక్‌స్పియర్ ఇంటి చిహ్నం

కుటుంబ చిహ్నం అనగానే సింహాలు, కిరీటాలు, కోటబురుజులు కిక్కిరిసిన డాలు చాలామందికి గుర్తుకు వస్తుంది. నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది మాత్రం దాదాపు ఏ అలంకారమూ లేని ఒక డాలు. ఇంగ్లండ్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌లో చేతితొడుగులు కుట్టి అమ్మిన జాన్ షేక్‌స్పియర్‌కు, అంటే నాటకకర్త విలియం తండ్రికి, 1596 అక్టోబరులో మంజూరైన చిహ్నం అది.

డాలు మొత్తం బంగారు రంగు. చూసేవారికి ఎడమవైపు పైమూల నుంచి కుడివైపు కిందికి ఏటవాలుగా దిగే నల్లని పట్టీ, ఆ పట్టీ పొడవునా బంగారు ఈటె, ఈటె మొనకు వెండి. ఇంటిపేరులోని ‘స్పియర్’ అంటే ఈటే కనుక, పేరే బొమ్మగా మారింది. ఐరోపా చిహ్నకళలో బంగారం, వెండి లోహాలు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు. దూరం నుంచి చూసినా స్పష్టంగా ఆనవాలు పట్టగలగాలి కాబట్టి, లోహం మీద లోహాన్ని, రంగు మీద రంగును వేయకూడదన్నది అక్కడి ప్రధాన నియమం. ఈ డాలులో బంగారం మీద నలుపు, ఆ నలుపు మీద మళ్ళీ బంగారం వచ్చి, ఆ నియమమే అందంగా మారింది. డాలుకు పైన రెక్కలు విప్పిన వెండి డేగ ఒకటి కాలితో మరో ఈటెను నిలువుగా పట్టుకొని ఉంటుంది.

ఈటె పేరును మాత్రమే సూచించదు. జాన్ పూర్వీకులు ఏడవ హెన్రీ రాజుకు పరాక్రమంతో సేవ చేసి బహుమానం పొందారని మంజూరు పత్రపు ముసాయిదా చెబుతుంది. ఆ సేవకు వేరే ఆధారమేదీ దొరకలేదు గానీ, తొడుగులు కుట్టిన ఇంటికి ఆయుధం ఎందుకు తగిందో ఆ వాక్యం వల్ల అర్థమవుతుంది. 1568లో పట్టణానికి బెయిలిఫ్‌గా, అంటే పట్టణ పాలనాధిపతిగా, పనిచేసిన జాన్ చాలా ఏళ్ళ కిందటే చిహ్నం కోసం ప్రయత్నించి, ఆర్థికంగా చితికిపోయి వదులుకున్నాడు. 1596లో ఆ పనిని తిరిగి చేపట్టింది విలియమేనని పండితులు భావిస్తారు. ఇలాంటి చిహ్నం సాధారణంగా కొడుకుల ద్వారా తరతరాలకు సాగుతుంది. విలియం ఏకైక కుమారుడు హామ్నెట్ ఆ ఏడాది ఆగస్టులోనే పదకొండేళ్ళ వయసులో చనిపోయాడు.

డాలు ఇంత నిరాడంబరంగా ఉండటమే తర్వాత తగవుకు కారణమైంది. 1602లో రాల్ఫ్ బ్రూక్ అనే చిహ్నాధికారి (వంశచిహ్నాల వ్యవహారాలు చూసే రాజోద్యోగి), అనర్హులకు చిహ్నాలు ఇచ్చారని తన పై అధికారి విలియం డెథిక్ మీద ఫిర్యాదు చేస్తూ, ఆ జాబితాలో ‘నటుడు షేక్‌స్పియర్’ను కూడా చేర్చాడు. బంగారు డాలు మీద నల్లని పట్టీ మాలీ ప్రభువులదని అభ్యంతరం వచ్చింది. డెథిక్, మరో చిహ్నాధికారి విలియం కామ్డెన్ ఇచ్చిన జవాబు నాకు పూర్తిగా సమంజసంగా తోస్తుంది: అలా అయితే బంగారం మీద నల్లపట్టీకి ఇరువైపులా సన్నని గీతలు మాత్రమే ఉన్న హార్లీ వంశమూ మాలీ చిహ్నాన్ని కాజేసిందనే అనాలి, ఇక్కడ పట్టీ మీది ఈటె అంతకంటే స్పష్టమైన తేడా, పైగా జాన్ తన ఊళ్ళో న్యాయాధికారం నెరపినవాడు.