వాసన పోయిన ఏడాది ఆవకాయ

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. అత్తయ్య ముప్పై ఏళ్లుగా ఆవకాయ, మాగాయ, అప్పడాలు చేసి అమ్ముతున్నారు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి నాదీ అదే పని. ఈ పనికి కాటా ఎంత ముఖ్యమో ముక్కూ అంతే. కారం పాతబడిందా, ఆవాలు బాగా ఎండాయా, నూనె ముక్కిందా అన్నది వాసన చూసే చెబుతాం.

2021లో మే 5న ఒడిశాలో లాక్‌డౌన్ పెట్టారు. ఆ వారమే నాకు, అత్తయ్యకి కరోనా వచ్చింది. వెనక గదిలో ఉన్నన్నాళ్లూ తిండి చప్పగా ఉంటే జ్వరం నోరు కదా అనుకున్నాను. బయటికొచ్చిన రోజు ఆవపిండి డబ్బా మూత తీశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు లోపల చుర్రుమంది. వాసన మాత్రం లేదు. డబ్బాలో ముఖం పెట్టి మళ్లీ పీల్చాను. మళ్లీ మంటే. ఘాటును మోసే నరం వేరు, వాసన నరం వేరు అని తర్వాత చదివాను. ఆ పూట మాత్రం భయమేసి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తున్నాయి. చారు చారులా లేదు, ఉప్పేసిన పులుపు నీళ్లలా ఉంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం నములుతున్నప్పుడు గొంతు వెనక నుంచి ముక్కుకెక్కే వాసనేనట. జూన్‌లో ఒడియావాళ్ల రజొ పండక్కి పక్కింటి మావుసీ పొడపిఠా పంపింది, కాల్చి చేసే తీపి పిండివంట అది. మాడిన అంచు, బెల్లం, కొబ్బరి కలిసిన ఆ వాసన కోసం ఏడాదంతా ఎదురుచూస్తాను. ఈసారి తీపి తెలిసింది, పంటి కింద కొబ్బరి తగిలింది, అంతే. ఆవిడ బాధపడుతుందని చాలా బాగుందన్నాను.

ఒక డాక్టరుకి చెబితే "ప్రాణం దక్కింది కదమ్మా, వాసనదేముంది" అన్నారు. పాలు మాడినా, గ్యాస్ లీకైనా తెలియని మనిషితో అనాల్సిన మాట కాదది. అత్తయ్య ఇంకా మంచం మీదే ఉన్నారు కాబట్టి ఆ ఏడు ఆవకాయ నేనొక్కదాన్నే కలిపాను. ఇరవై కిలోల ముక్కల్లో ముక్కిపోయిన నువ్వుల నూనె పోశాను. పాత వాడుకవాళ్లు జాడీ వెనక్కి తెచ్చేదాకా నాకు తెలియదు. అత్తయ్య పల్లెత్తు మాట అనలేదు. నాకే రెండు రోజులు అన్నం సహించలేదు.

తర్వాత చదివితే కొంత ధైర్యం వచ్చింది. ఈ వైరస్ ఎక్కువగా దెబ్బతీసేది వాసన పట్టే కణాలను కాదు, వాటి పక్కనుండి కాచుకునే కణాలనట. వాసన కణాలకు మళ్లీ పుట్టే శక్తి ఉంది. జర్మనీలో థామస్ హమ్మెల్ అనే వైద్యుడు 2009లోనే వాసన సాధన గురించి రాశారు. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ రోజుకు రెండుసార్లు చొప్పున 12 వారాలు పీల్చాలి. నేను గులాబీ బదులు మొగలి పెట్టుకున్నాను. మా పుట్టిల్లు ఛత్రపురం వైపు. చిన్నప్పుడు నాన్న తెల్లారుజామునే ముళ్లలోకి వెళ్లి మొగలిపూలు కోసి అత్తరు తీసే భట్టీకి వేసేవారు, చొక్కా ఉతికినా వాసన పోయేది కాదు. రోజూ కళ్లు మూసుకుని ముందు ఆ చొక్కాను గుర్తు చేసుకుని, తర్వాతే రేకు పీల్చేదాన్ని.

ముందు లవంగం లీలగా వచ్చింది. అక్టోబరులో ఇంకో కష్టం మొదలైంది. వెల్లుల్లి వేయిస్తే కాలిన రబ్బరు వాసన, ఉల్లిపాయ కోస్తే మురిక్కాలవ కంపు. కొత్తగా మొలిచిన నరాలు ఇంకా సరిగ్గా కుదురుకోకపోతే ఇలా అవుతుందట. నాలుగు నెలలు పెరుగన్నంతో గడిపాను. ఆ నాలుగు నెలలూ అత్తయ్య తన కూరల్లో కూడా ఉల్లి, వెల్లుల్లి మానేశారు. నేను అడగలేదు.

2022 మేలో కొత్త నూనె డబ్బా తెరిచి పీల్చాను. కమ్మగానే అనిపించింది. మా అమ్మాయిని పిలిచి చూడమన్నాను. "బాగుందమ్మా" అంది. అయినా అత్తయ్యకి కూడా ఒకసారి చూపించాకే ముక్కల్లో పోశాను.