108 జీబీ దగ్గర మాయమయ్యే డిస్క్

ఎట్టకేలకు 186 జీబీ వీడియో ఫోల్డర్ బయటి యూఎస్‌బీ డిస్క్ మీదకు మధ్యలో ఆగకుండా పూర్తిగా ఎక్కింది! మూడు వారాంతాలు మింగిన తంటా ఇది.

సరంజామా: బీ550 మదర్‌బోర్డు డెస్క్‌టాప్, 10 జీబీపీఎస్ ఎన్‌క్లోజర్ (డ్రైవ్‌ను యూఎస్‌బీకి కలిపే డబ్బా), అందులో 1 టీబీ జెన్4 ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, టీఎల్‌సీ (ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాచే) రకం. వెనక టైప్-ఏ పోర్టుకు తగిలిస్తే కాపీ సెకనుకు 980 ఎంబీతో మొదలవుతుంది, 108 జీబీ దాటగానే సున్నాకు పడిపోతుంది. నాలుగు సెకన్లు డిస్క్ కనబడదు, తర్వాత వేరే డ్రైవ్ అక్షరంతో ప్రత్యక్షం. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ముందు యూఏఎస్‌పీస్టోర్ (యూఎస్‌బీ డిస్క్ డ్రైవర్) పేరుతో 129, అంటే డిస్క్ రీసెట్, వెంటనే 157, అంటే డిస్క్ హఠాత్తుగా ఊడిపోయిందని.

మొదటి అనుమానం కేబుల్ మీద. మీటరు కేబుల్ తీసేసి 30 సెంటీమీటర్లది పెడితే 109 జీబీ దగ్గర పడింది. తేడా లేదు. తర్వాత వేడి. పడిపోయే సమయానికి 71 డిగ్రీలు చూపిస్తోంది, ఇదే దొంగ అనిపించింది. మూత తీసి 120 ఎంఎం ఫ్యాన్ ఎదురుగా పెడితే 52 డిగ్రీలే, అయినా 107 జీబీ దగ్గర ఢామ్. ఎన్‌క్లోజర్ ఫర్మ్‌వేర్ మార్చినా అదే కథ.

ప్రతిసారీ దాదాపు అదే అంకె రావడమే ఆధారం. డిస్క్‌లో 500 జీబీ నింపి మళ్లీ రాస్తే ఈసారి 52 జీబీకే పడింది. అంటే ఖాళీ జాగాను బట్టి పెరిగి తగ్గే ఎస్ఎల్‌సీ కేష్ (సెల్‌కు ఒక్క బిట్ చొప్పున వేగంగా రాసుకునే తాత్కాలిక జాగా) నిండిన క్షణమే అది. కేష్ నిండాక కంట్రోలర్ ఒకపక్క కొత్త డేటా రాస్తూ, మరోపక్క పాతదాన్ని కేష్ నుంచి టీఎల్‌సీలోకి సర్దుతుంది. కరెంటు ఎక్కువ లాగేది అప్పుడే అయ్యుండాలి. డ్రైవ్ స్టిక్కర్ మీద 3.3 వోల్టులు, 2.5 ఆంపియర్లు, అంటే 8 వాట్ల పైమాటే. యూఎస్‌బీ 3 టైప్-ఏ పోర్టు లెక్క ప్రకారం ఇవ్వాల్సింది 5 వోల్టుల దగ్గర 900 మిల్లీఆంపియర్లు, 4.5 వాట్లు. అందులో ఎన్‌క్లోజర్‌లోని బ్రిడ్జ్ చిప్ (యూఎస్‌బీని ఎన్‌వీఎంఈకి మార్చేది) వాటా కూడా పోవాలి. అంటే కరెంటు చాలకే డిస్క్ పడిపోతోందని అనుమానం. చేతిలో ఉన్న యూఎస్‌బీ మీటర్ మధ్యలో పెడితే లింకు 480 ఎంబీపీఎస్‌కు జారిపోతోంది, కాబట్టి నేరుగా కొలిచే దారి లేదు.

అడ్డదారి పరీక్ష: ముందు పానెల్ 5 జీబీపీఎస్ పోర్టు. సెకనుకు 440 ఎంబీతో మొత్తం ఎక్కేసింది. నిదానంగా రాస్తే అంత కరెంటు అక్కర్లేదు. ఇక వెనక టైప్-సీ పోర్టు, 3 ఆంపియర్లు ఇస్తుందని బోర్డు మాన్యువల్‌లో రాసింది. సీ-టు-సీ కేబుల్‌తో రెండుసార్లు, డిస్క్ సగం నిండి ఉండగా ఒకసారి, మూడూ పూర్తి. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే సీ కేబుల్ మాత్రం వాడొద్దు, చాలావాటిలో యూఎస్‌బీ 2 తీగలే ఉంటాయి, సెకనుకు 40 ఎంబీ దాటదు.

ట్రిమ్ (చెరిపేసిన ఫైళ్ల జాగా ఏదో డ్రైవ్‌కు చెప్పే ఆదేశం) పనిచేస్తోంది. విండోస్‌లో డిస్క్ పాలసీని ‘బెటర్ పెర్ఫార్మెన్స్’కు మార్చాక చిన్న ఫైళ్లూ చకచకా ఎక్కుతున్నాయి, ఎజెక్ట్ చేయకుండా పీకొద్దు, అంతే.

ఎన్‌క్లోజర్‌లో జెన్4 డ్రైవ్ పెట్టడమే దండగ. 10 జీబీపీఎస్ లింకుకు జెన్3 డ్రామ్‌లెస్ (సొంత ర్యామ్ చిప్ లేనిది) చాలు, కరెంటూ తక్కువ తింటుంది. రెడీమేడ్ బయటి ఎస్ఎస్‌డీల్లో శామ్‌సంగ్ టీ9 మీద మోజు పడేవాళ్లు ముందు పోర్టు చూసుకోవాలి. దానికి 20 జీబీపీఎస్ యూఎస్‌బీ 3.2 జెన్ 2x2 పోర్టు కావాలి, లేకపోతే 10 జీబీపీఎస్ టీ7 వేగమే, డబ్బు ఎక్కువ. యూఎస్‌బీ4 పోర్టులో 2x2 తప్పనిసరి కాదు, అక్కడా 10కే దిగొచ్చు.

తర్వాతి పని 2x2 పోర్టు ఇచ్చే ఏఎస్ఎం3242 చిప్ ఉన్న పీసీఐఈ x4 కార్డు. అయితే ఈ బోర్డులో రెండో ఎం.2 స్లాట్ నిండితే కింది x4 స్లాట్ ఆగిపోతుందట. ఆ ఎం.2లోని డ్రైవ్‌ను బయటికి తీసి ఎన్‌క్లోజర్‌కు మార్చాలి, అది జెన్3దే కాబట్టి ఒక దెబ్బకు రెండు పిట్టలు.