పుర్రచెయ్యి

పదకొండు దాటింది, నిద్ర రావడం లేదు. పొద్దున పెంచలకోనలో పెద్దమ్మ పాపను కొట్టింది. గట్టి దెబ్బేం కాదు. ప్రసాదానికి పాప ఎడమ చెయ్యి చాపితే టపీమని ఒకటేసి, "ఏందమ్మే ఆ పుర్రచెయ్యి, కోతులకూ నీకూ తేడా లేదా" అంది, అంతమందిలో. పులిహోర కిందపడింది. పాప ఏడవలేదు, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. దర్శనం బాగా జరిగింది, కోన చల్లగా ఉంది, అవి రాయబుద్ధి కావడం లేదు.

అలా నిలబడడం తమ్ముడి దగ్గర చూశాను. కావలి ఇంట్లో వాడికి ఐదేళ్ళప్పుడు నాన్న వాడి ఎడమ చేతిని తువ్వాలుతో మంచంకోడుకు కట్టి, కుడి చేతికి బలపం ఇచ్చేవాడు. 'అ' దిద్దలేక వాడు గట్టిగా నొక్కితే బలపం పుటుక్కున విరిగేది. కట్టు విప్పడం నా పని, మణికట్టు మీద నూలు చారలు పడి ఉండేవి. ఒకరోజు నాన్న లేనప్పుడు వాడు చెయ్యి మార్చి చకచకా రాసేశాడు, సాయంత్రం నాన్న రాగానే చెప్పేసింది నేనే.

కోతికీ మనిషికీ తేడా ఏందో పెద్దమ్మకు చూపిద్దామని ఇంటికొచ్చి చదువుతూ కూర్చున్నా. మనలో నూటికి పదిమంది దాకా ఎడమచేతి వాటం వాళ్ళే. మాట పుట్టేది మెదడు ఎడమవైపని బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు 1865లోనే చెప్పాడు, పుర్రచేతి వాళ్ళలో కూడా ఎక్కువమందికి అంతేనట. 1968లో గెష్‌విండ్, లెవిట్‌స్కీ అనే పరిశోధకులు వంద మెదళ్ళు కొలిస్తే, మాట విని అర్థం చేసుకునే చోట ఒక భాగం 65 మెదళ్ళలో ఎడమవైపే పెద్దగా ఉంది. ఇదే మనిషి గొప్ప అనుకుని సంబరపడ్డాను. కానీ 1998లో చింపాంజీల మెదళ్ళు చూస్తే 18లో 17 అలాగే ఉన్నాయి! ఉసూరుమని ఫోన్ పక్కన పడేసి, మళ్ళీ తీశా. కుడి ఎడమల తేడా వాటికీ మనకీ చాలావరకు ఒకే తీరున ఉంటుంది, కాకపోతే మనిషికీ మనిషికీ మధ్య అది మారడం మనలోనే ఎక్కువని 2020లో తేల్చారు.

ఇదంతా పెద్దమ్మకు చదివి వినిపిద్దామని మొదలుపెట్టాను, ఇప్పుడు వద్దనిపిస్తోంది. ఆమె ఒక్క దెబ్బే వేసింది, మా ఇంట్లో ఏడాది పాటు కట్టేశాం. అయినా కోపం పోవడం లేదు, మళ్ళీ చెయ్యెత్తితే ఊరుకోను.

రాత్రి పాప కుడి చేత్తో తినింది. ఎవరూ చెప్పలేదు. ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చుంది, సగం మెతుకులు కంచం బయటే పడ్డాయి.