వశిష్ఠ మీద ఒక నిలువు దూరం

నరసాపురం దగ్గర రేవులో, ఏరు దాటించే పంటు ఎక్కేసరికి ఏడు కావస్తోంది. ధనుర్మాసపు మంచు అప్పుడప్పుడే విడిపోతూ, గోదావరి పాయ వశిష్ఠకు ఆవల సఖినేటిపల్లి ఒడ్డున కొబ్బరిచెట్లు ఒక్కొక్కటిగా బయటపడుతున్నాయి. నా ముందు మీటరు దూరంలో, ఇనుప గూటానికి చుట్టిన మోకు. దాని పురుల మధ్య నుంచి నీటి చుక్కలు జారుతున్నాయి. ఆ మోకూ ఆ చెట్లూ ఒకే ఫొటోలో తేటగా రావాలి. అంతర్వేది వెళ్లాలని బయలుదేరినా, నా మనసంతా ఈ ఫొటో మీదే ఉంది.

చెట్ల మీద ఫోకస్ పెడితే మోకు చెదిరింది. మోకు మీద పెడితే చెట్లు పచ్చటి మరకలయ్యాయి. ఎపర్చర్, అంటే లెన్సులో కాంతి వచ్చే రంధ్రం, ఎఫ్/22కు తగ్గిస్తే (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) తేటగా వచ్చే లోతు పెరిగే మాట నిజమే. కానీ అంత సన్నటి రంధ్రంలో కాంతి వంగి విస్తరించి, ఫొటో మొత్తం మెత్తబడుతుంది. అది నాకు నచ్చదు. ఎఫ్/11 దగ్గరే ఆగి, పుస్తకం తీసి లెక్క వేశాను.

లెన్సు ఫోకల్ లెంగ్త్ 24 మిల్లీమీటర్లు. దాని వర్గం 576. కెమెరాలో బొమ్మ పడే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మీద బిందువు 0.03 మిల్లీమీటర్ల వరకు పరుచుకున్నా కంటికి బిందువులాగే ఉంటుందని లెక్క. ఎఫ్/11లోని 11ను 0.03తో గుణిస్తే 0.33. దానితో 576ను భాగించి, లెన్సు 24 కలిపితే దాదాపు 1,769 మిల్లీమీటర్లు, అంటే 1.77 మీటర్లు. సరిగ్గా అక్కడ ఫోకస్ నిలిపితే, అందులో సగం దూరం నుంచి, అంటే 88 సెంటీమీటర్ల నుంచి, కనుచూపు మేర వరకు అంతా తేటగా వస్తుంది. మోకు ఆ హద్దులోనే ఉంది.

సైకిలు పట్టుకుని పక్కనే నిలబడిన పెద్దాయన అడిగారు. “ఏం లెక్క బాబూ అది?”

“చూపు ఎంత దూరంలో నిలపాలో చూస్తున్నానండి. 1.77 మీటర్లు వచ్చింది.”

“అంటే ఒక నిలువు.”

నీటి లోతు కొలిచే మాట! మనిషి ఎత్తంత దూరం. నా పుస్తకంలోని అంకెల కన్నా ఆ ఒక్క మాటే చేతికి బాగా అందింది. ఆయనే సైకిలు కమ్మీకి ఆనించి, ఆ దూరంలో నిలబడ్డారు. ఆయన కండువా అంచు మీద ఫోకస్ నిలిపి, అది మళ్లీ దానంతటది మారకుండా లెన్సును మాన్యువల్‌కు మార్చాను. ఆయన పక్కకు జరిగారు. ఇంజను అదురుకు చెయ్యి కదిలినా ఫొటో చెదరకుండా, షట్టరు వేగం పెంచే వీలుకోసం ఐఎస్ఓను, అంటే కాంతికి కెమెరా స్పందించే స్థాయిని, 1600కు పెంచి నొక్కాను. మోకు పీచు, చుక్కలు, ఆవలి ఒడ్డున కొబ్బరి మట్టలు, అన్నీ వచ్చాయి.

అంతర్వేదిలో స్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ సముద్రంలో కలిసే చోట కాసేపు కూర్చుని, సాయంత్రానికి తిరిగొచ్చాను. నరసాపురం దగ్గరి ఒక ఊళ్లో, అరుగు మీద ఒకావిడ లేసు అల్లుతోంది. ఇక్కడ కావలసింది ఉదయానికి పూర్తిగా తలకిందులు. 50 మిల్లీమీటర్ల లెన్సు, ఎఫ్/2.8, అర మీటరు దూరం. తేటగా ఉండేది ఒకటిన్నర సెంటీమీటరే. నేను ఊపిరి తీస్తే చాలు, ఫోకస్ జారిపోతుంది.

“ఆపమంటారా?” అందామె.

“వద్దమ్మా, అల్లండి.”

కొక్కెం దారాన్ని లాగే క్షణం కోసం కాచుకున్నాను. కొక్కెం మొన, దాని మీద బిగిసిన ఒక్క ముడి. వెనకాల ఆమె గాజులు ఎర్రటి వెలుగుగా కరిగిపోయాయి.