300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు డాక్, యాంప్ ఎంచుకున్న తీరు

సెన్‌హైజర్ హెచ్‌డి 650 కొన్న తొలి నెలంతా దాన్ని ఫోనుకు తగిలించే చిన్న డాంగుల్‌తోనే విన్నాను. సినిమా పాటలకు ఆ డాంగుల్ చక్కగా సరిపోయేది. ఒక రాత్రి పాత కర్ణాటక సంగీత కచేరీ రికార్డింగు పెట్టుకున్నప్పుడు మాత్రం, వాల్యూమ్ చివరిదాకా పెంచినా ఆలాపనలో గాయని ఊపిరి తీసుకునే చోట్లు, వెనక నుంచి వచ్చే తంబురా నాదం అందీ అందనట్టుగానే ఉండిపోయాయి. హెడ్‌ఫోన్‌కు వెళ్లే సంకేతాన్ని బలపరిచే యాంప్ కావాలన్న ఆలోచన అక్కడ మొదలైంది.

ఏ కంపెనీది కొనాలని వెతకడానికి ముందు, నా హెడ్‌ఫోన్‌కు నిజంగా ఎంత కావాలో కాగితం మీద లెక్క వేసుకున్నాను. దాని ఇంపీడెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, 300 ఓమ్‌లు. 1 వోల్టు ఇస్తే 103 డెసిబెల్‌ల శబ్దం వస్తుంది. నా డాంగుల్ ఇవ్వగలిగింది దాదాపు 1 వోల్టు. 103 అంటే చాలా ఎక్కువే కదా అనిపిస్తుంది కానీ, అది రికార్డింగు పట్టగల అత్యధిక స్థాయికి వచ్చే అంకె. ఆ పాత కచేరీలో మృదంగం గట్టిగా మోగిన చోట కూడా స్థాయి గరిష్ఠానికి 12 డెసిబెల్‌లు కిందే ఉంది. ఆలాపన అంతకన్నా 25, 30 డెసిబెల్‌లు దిగువన సాగుతుంది. అలా చూస్తే నా చెవికి చేరుతున్నది 60 డెసిబెల్‌ల చుట్టుపక్కల, అంటే మామూలు సంభాషణంత. వోల్టేజీ రెట్టింపైతే 6 డెసిబెల్‌లు పెరుగుతాయి కాబట్టి, 4 వోల్టులు ఇచ్చే యాంప్ ఉంటే 12 డెసిబెల్‌లు చేతిలో మిగులుతాయి. నాకు కావలసింది సరిగ్గా అంతే. దానికి అయ్యే కరెంటు 13 మిల్లీయాంపులే కనుక, వాట్లకు వాట్లు ప్రకటించుకునే భారీ యాంప్‌లతో నాకు పని లేదని ఆ లెక్కతోనే తేలిపోయింది.

పలచని పొర మొత్తం కదిలి శబ్దం చేసే ప్లానార్ రకం హెడ్‌ఫోన్‌కు ఇదే లెక్క వేస్తే కథ తిరగబడుతుంది. 25 ఓమ్‌లు, 1 మిల్లీవాటుకు 91 డెసిబెల్‌లు ఉన్నదాన్ని తీసుకుంటే, 1 వోల్టుకే అది 107 డెసిబెల్‌లు పలుకుతుంది, కానీ ఆ ఒక్క వోల్టుకు 40 మిల్లీయాంపుల కరెంటు లాగుతుంది. నా హెడ్‌ఫోన్ అదే వోల్టుకు లాగేది 3 మిల్లీయాంపుల పైచిలుకు మాత్రమే. ఒకదానికి వోల్టేజీ కావాలి, మరొకదానికి కరెంటు కావాలి. అందుచేత "ఈ యాంప్ ఎంత పవర్‌ఫుల్" అన్న ప్రశ్నకు, ఎన్ని ఓమ్‌ల దగ్గర అని అడగకుండా జవాబు లేదు.

ఇయర్‌ఫోన్‌లు వాడేవారు పవర్ కంటే ముందు యాంప్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే యాంప్ వైపే ఉండే అడ్డు, చూసుకోవాలి. లోపల శబ్దం పుట్టించే డ్రైవర్లు నాలుగైదు ఉండే ఇయర్‌ఫోన్‌లలో ఇంపీడెన్స్ ఒక్కో స్వరస్థాయి దగ్గర ఒక్కోలా మారుతుంది. ఒకచోట 8 ఓమ్‌లు, మరొకచోట 40 ఓమ్‌లు ఉందనుకుందాం. యాంప్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ 10 ఓమ్‌లైతే ఆ రెండు చోట్ల మధ్య 5 డెసిబెల్‌ల తేడా వచ్చి పడుతుంది, అంటే తయారీదారు శ్రద్ధగా కుదిర్చిన స్వరమే మారిపోతుంది. అదే 1 ఓమ్ అయితే తేడా 1 డెసిబెల్ లోపే. అందుకే 1 ఓమ్ మించిన దేనినీ నా జాబితాలో ఉంచుకోలేదు. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు దీనివల్ల పెద్ద నష్టం లేకపోయినా, నా దగ్గర ఇయర్‌ఫోన్‌లు కూడా ఉన్నాయి.

ఇక డిజిటల్ పాటను యాంప్‌కు అందే విద్యుత్ సంకేతంగా మార్చే డాక్ విషయానికి వస్తే, చాలామంది ఎక్కువ డబ్బు పోసే చోటు అదే, తక్కువ తేడా వినిపించే చోటూ అదేనని నా నమ్మకం. సీడీ ప్రమాణమైన 16 బిట్‌లలోనే అతి చిన్న శబ్దం నుంచి అతి పెద్ద శబ్దం దాకా 96 డెసిబెల్‌ల వ్యాప్తి ఉంది. ఈ రోజుల్లో మర్యాదగా తయారైన చవక డాక్ కూడా దాన్ని దాటుతుంది. ఇది ఊరికే అనడం లేదు. ఒక మిత్రుడి ఖరీదైన డాక్‌ను వారం రోజులు ఇంట్లో పెట్టుకుని నాదానితో పోల్చాను. మొదటి రోజు అతనిదే మెరుగని గట్టిగా అనిపించింది. తర్వాత కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న మల్టీమీటరు తీసి, 100 హెర్ట్జ్ టోన్ పెట్టి రెండింటి ఔట్‌పుట్ కొలిచాను. (చవక మల్టీమీటర్లు ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ కోసం చేసినవి, 1000 హెర్ట్జ్ టోన్‌తో కొలిస్తే అంకెలు నమ్మడానికి లేదు.) నాది 2.05 వోల్టులు, అతనిది 2.31. అంటే 1 డెసిబెల్ ఎక్కువ. అంత చిన్న తేడాను చెవి "శబ్దం పెరిగింది" అని గుర్తించదు, "స్పష్టత పెరిగింది" అని గుర్తిస్తుంది. రెండింటినీ సమం చేసి, మా ఆవిడ చేత నాకు కనబడకుండా మార్పించుకుని విన్నప్పుడు ఏది ఏదో చెప్పలేకపోయాను.

అయినా డాక్‌లో ఒక సదుపాయం కోసం నేను కొంచెం ఎక్కువే ఖర్చు పెట్టాను. అది ఆప్టికల్ ఇన్‌పుట్. నా డాక్ హెడ్‌ఫోన్ యాంప్‌కే కాక బల్ల మీది పవర్డ్ స్పీకర్లకు (లోపలే యాంప్ ఉండేవి) కూడా కలిపి ఉంటుంది. ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టగానే గుయ్యిమని రొద వచ్చేది, ఛార్జర్ తీస్తే ఆగిపోయేది. ఛార్జర్, స్పీకర్లు రెండూ మూడు పిన్నుల ప్లగ్గులే కావడంతో, యూఎస్‌బీ కేబుల్ ద్వారా ఎర్త్ తీగలు రెండు వైపుల నుంచి కలిసి ఒక చుట్టు ఏర్పడింది. మనవాళ్లలో కొందరు ఇలాంటప్పుడు ఎర్త్ పిన్ పీకేస్తారు. రొద ఆగుతుంది, ప్రాణానికి ఉన్న రక్షణ కూడా పోతుంది. దయచేసి ఆ పని చేయవద్దు. ఆప్టికల్ కేబుల్‌లో వెళ్లేది వెలుతురు కాబట్టి ఆ చుట్టు దానంతట అదే తెగిపోతుంది. కేబుల్ మార్చిన క్షణంలో స్పీకర్లు నిశ్శబ్దమయ్యాయి.

చివరికి తీసుకున్నది, సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచాలో ఎంచుకునే గెయిన్ స్విచ్ ఉన్న మామూలు యాంప్. లో గెయిన్‌లో ఇయర్‌ఫోన్‌లు వింటాను, ఎందుకంటే హై గెయిన్‌లో వాల్యూమ్ నాబ్‌ను మరీ కింద ఉంచాల్సి వస్తుంది, అక్కడ చాలా నాబ్‌లలో ఎడమ కుడి చెవులకు శబ్దం సమానంగా అందదు. హై గెయిన్ హెచ్‌డి 650 కోసం. కచేరీలకు నాబ్ గడియారంలో రెండు గంటల చోట ఉంటుంది, ఇప్పటి సినిమా పాటలకు తొమ్మిది దాటదు. వారానికి 40 గంటలు వినేవారు సగటున 80 డెసిబెల్‌లు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ పాటల్లో సగటు స్థాయి గరిష్ఠానికి చాలా దగ్గరగా ఉంటుంది కనుక, కచేరీ అయ్యాక నాబ్ తగ్గించకుండా పాట పెడితే ఆ హద్దు మొదటి చరణానికి ముందే దాటిపోతుంది. అందుకే కచేరీ ముగియగానే ముందు నాబ్ కిందికి దించి, ఆ తర్వాతే పాట పెట్టడం అలవాటు చేసుకున్నాను.